నాణెం కదలక ముందే కాపలా

బ్యాంకులో పొరపాటున డబ్బు మరొకరి ఖాతాకు చేరితే ఫిర్యాదు చేసుకునే మార్గం ఉంది. తిరిగి రాబట్టడం కష్టమే కావచ్చు, అయినా అర్జీ అందుకునే అధికారి అంటూ ఒకరుంటారు. బిట్‌కాయిన్, ఇథీరియం వంటి క్రిప్టో కరెన్సీలలో అటువంటి అధికారి లేడు. బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి ఖరారైన బదిలీని ఎవరూ వెనక్కు మళ్ళించలేరు. ఈ కరెన్సీ ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఆ చర్చను మేమిక్కడ చేపట్టడం లేదు. ఇప్పటికే కొని ఉంచుకున్న కుటుంబాల సొమ్ము దొంగల పాలు కాకూడదన్నదే మా ఉద్దేశం.

చాలా ఎక్స్ఛేంజీలలో భద్రతా సెట్టింగుల కింద ‘అడ్రస్ వైట్‌లిస్ట్’ అనే సదుపాయం ఉంటుంది. మనం ముందుగా ఆమోదించిన చిరునామాలకు తప్ప మరెక్కడికీ నాణేలు వెళ్ళకుండా అది అడ్డుకుంటుంది. సాధారణంగా దీనిని మనమే ఆన్ చేసుకోవాలి. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త బెనిఫిషియరీని చేర్చిన వెంటనే పెద్ద మొత్తం పంపనివ్వని పద్ధతి పాఠకులకు తెలిసినదే; ఇదీ అటువంటిదే. కాయిన్‌బేస్‌లో కొత్త చిరునామా చేర్చితే 48 గంటలు ఆగాలి.

విసుగు పుట్టించే ఈ ఆలస్యమే అసలైన కాపలాదారు. మన పేరిట నకిలీ సిమ్ సంపాదించి, అర్ధరాత్రి ఖాతాలోకి చొరబడిన దొంగ కూడా తన చిరునామాను జాబితాలో చేర్చి గడువు తీరేదాకా ఎదురుచూడక తప్పదు. ఈలోగా మనకు హెచ్చరిక మెయిల్ వస్తుంది, ఖాతాను స్తంభింపజేయవచ్చు. అయితే ఆ మెయిల్ కూడా దొంగ చేతిలోనే ఉంటే? అందుకే ఈ-మెయిల్‌కు వేరే పాస్‌వర్డు ఉండాలి. రెండింటికీ ఎస్సెమ్మెస్ ఓటీపీకి బదులు అథెంటికేటర్ యాప్ వాడాలి.

దొంగ ఖాతాలోకి రాకుండానే మోసగించే పద్ధతి మరొకటి ఉంది. ఇథీరియం చిరునామాలో ‘0ఎక్స్’ తరువాత 40 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అంత పొడవు ఎవరు చదువుతారు? మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరిపెట్టుకుంటాము. దొంగలు సరిగ్గా వాటినే పోలిన చిరునామాను తయారుచేసి, దాని నుండి నామమాత్రపు బదిలీ పంపి, మన లావాదేవీల చిట్టాలో చోటు సంపాదిస్తారు. 2024 మే నెలలో ఒకరు అలా చిట్టా నుండి తప్పుడు చిరునామాకు 1,155 వ్రాప్డ్ బిట్‌కాయిన్లు, అంటే సుమారు 6.8 కోట్ల డాలర్ల విలువైన సొమ్ము పంపారు. తరువాత దొంగ చాలా భాగం తిరిగి ఇచ్చాడు. అటువంటి దొంగ అందరికీ దొరకడు. ఒకసారి అక్షరం అక్షరం సరిచూసి జాబితాలో చేర్చుకుంటే చిట్టా వైపు చూసే పనే ఉండదు.

జాబితా ఉన్నంత మాత్రాన అన్నీ ఆగవు. 2024 జూలై 18న మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల సొమ్ము చోరీ అయింది. ఆ వాలెట్‌కు ఆమోదిత చిరునామాల నిబంధన ఉన్నదనీ, తెరపై కనిపించినది ఒకటి, సంతకమైనది మరొకటి అనీ ఆ సంస్థే ప్రకటించింది. ఇక లాభాల ఆశ చూపి, ‘ఈ చిరునామా చేర్చండి’ అని ఫోనులో తొందరపెట్టేవారి మాట విని మనమే చేర్చితే, ఏ గడువూ మనలను కాపాడదు.

చిరునామాతోపాటు నెట్‌వర్క్ కూడా సరైనదేనా చూడాలి, మొదట చిన్న మొత్తం పంపి చేరిందని నిర్ధారించుకోవాలి. వాడకం మానిన వాలెట్ల చిరునామాలను, పాత ఫోను అమ్మే ముందే, జాబితా నుండి తొలగించాలి.