పంట చేనుకు కంచె, శుద్ధి కేంద్రమునకు కాపలా

పంట చేతికి వచ్చు వేళ మీరు మంచె యెక్కి రాత్రులు కాపలా కాయుదురు. ఆ శ్రమ దండుగని ఎవరును అనరు. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో చేనుతోబాటు కాపలా కావలసినది మరొకటి కలదు. అదియే ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రము.

నక్కవాగు పటాన్‌చెరు పరిసరములలో పారి మంజీరలో కలియును. మందుల ఫ్యాక్టరీల నీరు చేరి ఈ వాగువెంట పొలములు, బావులు చెడగా, 1990లో విషయము సుప్రీంకోర్టు ముందుకు వెళ్లినది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రము ఏర్పడినది. అయినను 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, ఆ కేంద్రమునుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కనిపించినది. కేంద్రము కట్టినంత మాత్రమున పని ముగియదని దీనివలన తెలియుచున్నది.

కాపలా ఎందుకు? మురుగును తిని నీటిని శుభ్రపరచునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. పరీక్ష లేకుండ ఒక్క ట్యాంకరు ఘాటైన విషజలము లోపలికి వచ్చినచో అవి చచ్చును. మరల పెరుగుటకు రోజులు పట్టును. గేటువరకు రాని ట్యాంకరు చీకటిలో వాగునకు చేరవచ్చును. యంత్రములకును తాళము కావలెను. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతమున ఒక వ్యక్తి రేడియో పరికరముతో పంపులను తారుమారు చేయగా, సుమారు 8 లక్షల లీటర్ల మురుగు ఉద్యానములలోను వాగులలోను పారినది.

ఇక డబ్బు మాట. 1991నాటి కేంద్ర పథకము ఉమ్మడి కేంద్రముల నిర్మాణమునకు సాయమిచ్చినది; దినదిన నిర్వహణకు కాదు. గోడకు సొమ్ము వచ్చును, గోడవద్ద నిలుచు మనిషి జీతమునకు రాదు. నిర్వహణ వ్యయమును కేంద్రమును వాడుకొనువారినుండి రాబట్టు పద్ధతి ఏర్పరచవలెనని 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఫ్యాక్టరీలు చెల్లించు రుసుములోనే కాపలా ఖర్చు చేరియుండవలెను.

సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు కాలుష్య నియంత్రణ మండలిని ఈ ప్రశ్నలు అడుగవలెను:

1. ప్రతి ట్యాంకరు నీటిని గేటువద్ద పరీక్షించి రసీదు ఇచ్చుచున్నారా?

2. ఫ్యాక్టరీనుండి బయలుదేరిన ట్యాంకర్ల లెక్క, కేంద్రమునకు చేరిన లెక్క సరిపోవుచున్నవా?

3. బయటికి పోవు నీటిని ఎడతెగక కొలుచు పరికరములు అమర్చవలెనని 2014లో కేంద్ర మండలి ఆదేశించినది. అవి పనిచేయుచున్నవా?

4. రాత్రి కాపలాకు, పరికరముల మరమ్మతుకు ఈ యేడు ఎంత కేటాయించిరి?

2005నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టినచో 30 దినములలో జవాబు రావలెను. జవాబును గ్రామసభలో చదివి వినిపించుడు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన లాభమేమి? చెడిన బావి ఒక యేటితో బాగుపడదు. అడుగవలసినది నీరు చెడక మునుపే.