జుట్టు రాలుతోందా? దస్తర్‌ఖాన్ వైపు చూద్దాం

దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు ఎక్కువైతే మనం ముందు నూనె మారుస్తాం, తర్వాత షాంపూ మారుస్తాం. తినే తిండి గురించి మాత్రం ఆలోచించం. పైకి కనిపించే వెంట్రుకలో జీవం ఉండదు. అది పెరిగేది చర్మం లోపలి కుదురులో. ఆ కుదురుకు పోషణ అందించేది రక్తమే.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. తీవ్రమైన జ్వరం, కాన్పు, కఠినమైన పథ్యం తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు ఎక్కువగా రాలవచ్చు. చాలామందిలో ఇది కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే కారణం వెతకాలి.

ఇనుము, మాంసకృత్తులు

వెంట్రుక ప్రధానంగా కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. అందుకే పప్పు, గుడ్డు, చేప, మాంసం, పెరుగులలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. స్త్రీలలో జుట్టు రాలడానికి ఇనుము లోపం ఒక ముఖ్య కారణం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ వడ్డించి, చివరికి మిగిలిన అన్నం, పులుసుతో సరిపెట్టుకునే తల్లులు మన ఇళ్లలోనూ ఉన్నారు.

ఖీమా, మునగాకు, తోటకూర, శనగలు, నువ్వుల నుంచి ఇనుము లభిస్తుంది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం, జామ, ఉసిరి తోడు కావాలి. భోజనం చేసిన వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు. కనీసం ఒక గంట ఆగడం మంచిది. ఎండ తగలని వారిలో విటమిన్ డి లోపం కూడా సాధారణమే. ఉదయం డాబాపైనో పెరట్లోనో కొంతసేపు గడపడం మేలు.

మాత్రలతో జాగ్రత్త

జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు విరివిగా అమ్ముతున్నారు. సరిగా తినేవారిలో బయోటిన్ లోపం అరుదు. ఉడికించిన గుడ్డు, వేరుశనగ వంటి వాటి నుంచే అది అందుతుంది. పైగా అధిక మోతాదు బయోటిన్ థైరాయిడ్, గుండె సంబంధిత రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. విటమిన్ ఎ మోతాదు మించితే ఉన్న జుట్టే రాలుతుంది. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు వాడటమూ సరికాదు.

పాపిట వెడల్పవుతున్నా, గుండ్రంగా జుట్టు ఊడుతున్నా, నీరసం, ఆయాసం ఉన్నా వైద్యులను కలవాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షల అవసరం గురించి అడగాలి. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా శరీరంలో ఇనుము నిల్వలు తగ్గి ఉండవచ్చు.

జుట్టు రాలడాన్ని అందానికి సంబంధించిన చిన్న సమస్యగా కొట్టిపారేయవద్దు. ఒక్కోసారి అది దాగివున్న రక్తహీనతకు గుర్తు. వంట చేసిన ఇల్లాలిని కూడా దస్తర్‌ఖాన్ దగ్గర అందరితో పాటే కూర్చోబెడదాం. గుడ్డులో, కూరలో, పండులో ఆమె వాటా ముందే తీసి ఉంచుదాం.