గేర్ బాక్సా, క్లచ్చా? ముందు తేల్చుకుందాం

మా సొసైటీ వ్యాను మీ చందాలతో నడిచే బండి. పోయిన ఏడాది అనంతపురం ఆసుపత్రికి ఒక పెద్దాయనను తీసుకెళ్తూ పెనుకొండ ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ రొద పెరిగిందే తప్ప బండి లాగలేదు. ఆయనను వేరే కారులో పంపించాం. ఒక గ్యారేజీలో గేర్ బాక్స్ మొత్తం మార్చాలన్నారు. ఇంకో మెకానిక్ చూసి, అరిగింది క్లచ్ ప్లేటే అన్నాడు.

ఆయన చేసిన పరీక్ష మీరూ చేయవచ్చు. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండి. ఇంజన్ ఆన్ చేసి మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

ఇంజన్ ఆపితే గేర్లన్నీ సాఫీగా పడి, ఆన్‌లో ఉన్నప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. కేబులో, క్లచ్ ఆయిలో చూడమనండి. ఒక్క గేరుకే గరగరమంటే ఆ గేరు సింక్రోనైజర్ రింగు అరిగి ఉండవచ్చు. న్యూట్రల్‌లో వచ్చే మోత క్లచ్ తొక్కగానే ఆగితే గేర్ బాక్స్ లోపలి బేరింగు మీద అనుమానం. తొక్కినప్పుడే మోత వస్తే రిలీజ్ బేరింగు. పడిన గేరు దానంతటదే జారిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకండి, ఘాట్‌లో అది ప్రాణం మీదికి వస్తుంది.

బిల్లు దగ్గర ఒక మెలిక ఉంది. క్లచ్ ప్లేటు మార్చాలన్నా చాలా బండ్లకు గేర్ బాక్స్ దింపాల్సిందే. దింపడం వేరు, మార్చడం వేరు. ఎలాగూ దింపారు కనుక రిలీజ్ బేరింగు కూడా అప్పుడే వేయించుకుంటే రెండోసారి కూలి తప్పుతుంది. మేమూ అదే చేశాం.

పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలైంది. మన వీధుల్లోనూ ఆటోమేటిక్ కార్లు కనిపిస్తున్నాయి. వాటిలో డి లో వేశాక బండి కదలడానికి ఆలస్యమైనా, కుదుపు వచ్చినా ముందు ఆయిల్ మట్టం చూపించండి. ఆ ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలుతున్నట్టు. కొన్నింటికి కొలత పుల్ల ఉండదు, వర్క్‌షాపులోనే చూడాలి.

ఇప్పుడు మా డ్రైవరు రాత్రిపూట వ్యాను కింద అట్టముక్క పరుస్తున్నాడు. పొద్దున దాని మీద ఆయిల్ చుక్క కనిపిస్తే, రోగిని ఎక్కించుకునే ముందు బండి మెకానిక్ దగ్గరికి వెళ్తుంది.