ఇల్లే రంగస్థలము: సురభి నాటక సమాజములు

తెలుగునాట నాటక సమాజములు పుట్టుటయు గిట్టుటయు క్రొత్త సంగతి కాదు. నలుగురు మిత్రులు చేరి ఒక సమాజమును స్థాపింతురు. ఉద్యోగపు బదిలీయో, మనస్పర్థయో వచ్చినంతనే అది చెదరిపోవును. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో పుట్టిన నాటక సంప్రదాయము మాత్రము నూరేండ్లు దాటియు నిలిచియున్నది. దీనికి కారణమేమి? అది స్నేహముమీద గాక చుట్టరికముమీద నిలిచినది.

ఈ కుటుంబములవారు పూర్వము తోలుబొమ్మలాడించి జీవించినవారు. ఆ గ్రామమున ఒక వివాహ సందర్భమున వారు “కీచకవధ”ను బొమ్మలతో గాక, తామే వేషములు ధరించి ఆడిరి. వనారస గోవిందరావుగారు దానిని కుటుంబవృత్తిగా తీర్చిదిద్దిరి. బొమ్మల వెనుక వినిపించిన గొంతు ఆ విధముగా తెర ముందునకు వచ్చినది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించుట వాడుకయైన ఆ కాలమున సురభివారి యింటి ఆడపడుచులు రంగమెక్కిరి. 1932లో వెలువడిన తెలుగు టాకీ “భక్త ప్రహ్లాద”లో లీలావతిగా నటించిన కమలాబాయి ఈ సంప్రదాయమున పెరిగిన నటియే.

సురభి యనగానే ప్రేక్షకులకు తలపునకు వచ్చునవి అద్భుత దృశ్యములు. నారదుడు మేఘములనుండి దిగివచ్చును. ఆకసమున రెండు బాణములు ఢీకొని నిప్పురవ్వలు రాలును. “మాయాబజారు”లో భక్ష్యములు తమంత తామే ఘటోత్కచుని నోటికి చేరును. ఇందులకు వాడు సాధనములు మిక్కిలి సామాన్యమైనవి: త్రాళ్లు, కప్పీలు, కంటికానని సన్నని తీగలు, రంగులద్దిన తెరలు, దీపముల వెలుగు. మాయ అంతయు వేళ తప్పకుండుటలో ఉన్నది. రంగముమీద పద్యము ఏ అక్షరమువద్ద ముగియునో తెర వెనుక త్రాడు పట్టినవానికి తెలియవలెను. ఒక్క క్షణము ముందైనను వెనుకైనను దేవత నవ్వులపాలగును.

ఆ ఎరుక వారికి ఎట్లు వచ్చినది? సురభి బిడ్డ ఉయ్యాల వయసుననే బాలకృష్ణుడుగా రంగమెక్కును. కొంచెము పెరిగి ప్రహ్లాదుడో లవుడో అగును. యౌవనమున నాయక పాత్ర ధరించును. వయసు మళ్లిన పిమ్మట తెర లాగును, ముఖమునకు రంగు పూయును, పిల్లలకు పద్యము నేర్పును. త్రాడు పట్టిన పెద్దవాడు ఒకప్పుడు ఆ పద్యము పాడినవాడే. ఇల్లును రంగస్థలమును వేరుగాకుండుటయే ఈ విద్యకు మూలము.

అయితే ఆ బలములోనే అపాయమును ఉన్నది. ఊరూర డేరా వేసి, కొన్ని నెలలు నాటకములాడి, మరియొక ఊరికి తరలు జీవితమున పిల్లల చదువు సాగుట కష్టము. సినిమా వచ్చినది, దూరదర్శనము వచ్చినది, రాబడి తగ్గినది. ఒకప్పుడు అనేక శాఖలుగా విస్తరించిన సమాజములలో నేడు మిగిలినవి కొన్ని మాత్రమే. బిడ్డ బడికి పోయి, చదివి, ఉద్యోగమున ప్రవేశించినచో ఆ యింట ఒక నటుడు తగ్గును. మన వినోదమునకై ఆ బిడ్డ చదువు మానవలెనని ఉపాధ్యాయులమైన మనము కోరగలమా? కోరరాదు. కళ నిలుచుటకు వేరొక దారి వెదకవలెను.

ఆ దారి లేకపోలేదు. 1937లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారు, అనగా బాబ్జీగారు, ఆ ప్రయత్నము చేసిరి. ప్రసిద్ధ కన్నడ దర్శకులు బి.వి. కారంత్ సురభి నటులచే “భీష్మ”, “బస్తీ దేవత యాదమ్మ” మొదలగు నాటకములాడించి, పౌరాణికములలో ఆరితేరిన ఆ నటులు క్రొత్త రీతులను కూడ సాధింపగలరని నిరూపించిరి. 2013లో ఈ మండలి ఫ్రాన్సు దేశమున ప్రదర్శనలిచ్చినది; ఆ యేడే బాబ్జీగారికి పద్మశ్రీ లభించినది. ఆయన 2022లో దివంగతులైరి.

బిరుదులు గౌరవమును తెచ్చును గాని, డేరా అద్దెను చెల్లింపవు. ఆ పని చేయునది ప్రేక్షకుడు కొన్న టిక్కెట్టు. పద్యనాటకమును తరగతిలో ప్రతిపదార్థ తాత్పర్యములతో బోధించు మనము, విద్యార్థులను ఒక్కసారి సురభివారి డేరాకు తోడ్కొనిపోవుదము. పద్యము గ్రంథమున అచ్చయియున్నను, పాడువాని గొంతులో ఎట్లు ప్రాణము పోసికొనునో అక్కడ వారు స్వయముగా విందురు. వెళ్లునప్పుడు ఉచిత ప్రవేశమడుగక, తలకొక టిక్కెట్టు కొని వెళ్లుదము.