ఆశ్రమంల పండుగ జేస్తే అవ్వకు ముందుగాల పని జెప్పుర్రి

మన దిక్కు ఈ నడుమ ఒక అలవాటు మస్తు పెరిగింది. దోస్తు బర్త్‌డే వచ్చినా, హీరో సినిమా రిలీజైనా, లీడర్ పుట్టినరోజైనా పది మంది పోరగాళ్లు గల్సి దగ్గర్ల ఉన్న వృద్ధాశ్రమానికి పోతున్రు. ఒక కేకు, రెండు డజన్ల అరటిపండ్లు, నాలుగు బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకపోతరు. అవ్వలను, తాతలను లైన్ల కూసోవెడ్తరు. చేతిల పండు వెట్టి ఫొటో దిగుతరు. అర్ధగంటల బండ్లెక్కి వాపస్.

ఎక్కిరిద్దామని రాస్తలేను. అస్సలు పోనోళ్ల కన్నా పోయినోళ్లు వెయ్యి పాళ్లు నయం. కానీ ఆ అర్ధగంట ఎవ్వల పండుగ? కేకు మీద పేరు మనది, ఫొటో మనది, స్టేటస్ మనది. వాళ్లకు దొరికింది ఒక అరటిపండు, సప్పట్లు కొట్టే డ్యూటీ.

ఆశ్రమంల దినం ఎట్ల గడుస్తదో తెలిస్తే ఈ ముచ్చట సమజైతది. పొద్దుగాల చాయ్, టిఫిన్, గోలీలు, పగటి బువ్వ, కొంచెం నడుం వాల్చుడు, టీవీ, మాపటి బువ్వ, మల్ల గోలీలు. కడుపుకు తక్కువ ఉండకపోవచ్చు. అయితే అక్కడున్న అవ్వ ఎవ్వలు? అరవై ఏండ్లు నాట్లేసింది, కలుపు తీసింది, బీడీలు చుట్టింది, పదిమందికి వండి పెట్టింది. గసొంటామెకు ఇప్పుడు ఒక్క పని లేదు. ఎవ్వలన్న ఇస్తే తీసుకునుడే గానీ ఇచ్చుడు లేదు. ఒంటరితనం అంటే చుట్టూ మంది లేకపోవుడు ఒక్కటే కాదు, మనతోని ఎవ్వలకు అవుసరం లేకపోవుడు గూడ. ముప్పై మంది ఉన్న హాల్ల కూసున్నా అది వదలది.

అందుకే పండుగ అంటే పెట్టి వచ్చుడు కాదు, చేపిచ్చుడు. బతుకమ్మనే తీసుకోండి. చానా చోట్ల ఏం జేస్తున్రంటే, బయట పేర్చిన బతుకమ్మను కార్ల తెచ్చి నడుమ వెట్టి, వచ్చిన ఆడపిల్లలు ఆడి పోతున్రు. అవ్వలేమో కుర్చీలల్ల కూసోని సూస్తున్రు. దీన్ని తిప్పి జెయ్యాలె. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు గంపల్ల పొద్దుగాలనే తీస్కపోయి వాళ్ల ముంగట కుమ్మరియ్యాలె. గునుగు కట్టలు కట్టుడు, కాడలు సమానంగ కోసుడు, రంగుల ముంచి ఆరవెట్టుడు కూసోని చేసే పనులే. మోకాళ్లు వంగకున్నా చేతులు ఆడ్తయి. కంటి సూపు తగ్గినామె తంగేడు పువ్వును తడిమి ఏరగల్గుతది. మీరు ఒక్క వరుస తప్పుగ వెట్టి సూడుర్రి, నాలుగు దిక్కుల నుంచి తిట్లు వడ్తయి. 'అట్ల గాదు బిడ్డా, కింద ఆకు సరిగ్గ పరిస్తెనే మీది వరుస నిలవడ్తది' అని ఒకామె తాంబాలం గుంజుకుంటది. గా గుంజుకునుడే పండుగ.

పాట సంగతి ఇంకా వింతగుంటది. మతిమరుపు ముదిరి కొడుకు పేరు గూడ యాదికి రాని మనిషి సుత, చిన్నప్పటి పాట అందుకుంటే మధ్యలకెల్లి కలిసి పాడ్తది. పాతకాలపు పాటలు, చేతికి అలవాటైన పనులు మెదడుల శానా లోతుగ దిగి ఉంటయి, ఆఖరికి పోతయి. అందుకే స్పీకర్ల డీజే బతుకమ్మ పాట వెట్టకుర్రి. సరిగ్గ ఇనవడని చెవులకు అది ఒట్టి గోల, చెవిమిషన్ వెట్టుకున్నోళ్లకైతే నరకం. వాళ్లను పాడనియ్యాలె, మనం వంత వాడాలె. నిలవడలేనోళ్లు కుర్చీలు గుండ్రంగ ఏసుకోని సప్పట్లు కొడ్తే అదీ బతుకమ్మనే.

ఇక్కడ ఒక చేదు ముచ్చట చెప్పాలె. ఆశ్రమంల ఉండే ఆడోళ్లల్ల శానామంది పెనిమిటి పోయినోళ్లు. వచ్చిన అతిథులు పసుపు కుంకుమ, గాజులు, జాకెట్ ముక్క పంచుకుంట 'ముత్తైదువలు ఎవ్వలమ్మా?' అని అడుగుడు నేను సూసిన. ఇద్దరు ముగ్గురు లేచిన్రు. మిగిలినోళ్లు తల వంచుకున్నరు. పండుగ జేస్తమని పోయి ఆ దినం వాళ్లకు ఊరు జేసిన గాయాన్నే మల్ల కెలికినట్టయింది. పువ్వులు అందరియి. పంచేదేదైనా అందరికి పంచుర్రి, లేకుంటే తీస్కపోకుర్రి. పెట్టుకునుడు, పెట్టుకోకపోవుడు ఆమె ఇష్టం.

ఎంగిలిపూల బతుకమ్మ రోజే పెత్రమాస. ఇండ్లల్ల పెద్దలకు బియ్యం ఇస్తరు. ఆశ్రమంల ఉన్న తాతకు సుత తల్లిదండ్రులు ఉండిన్రు గద, అవ్వకు పెనిమిటి ఉండె గద. వాళ్ల పేరు మీద పిరికెడు బియ్యం ఇచ్చే మోక దొరకాలె. నిర్వాహకులతోని మాట్లాడితే ఇది పెద్ద ఖర్సు గాదు. అట్లనే దసరకు జమ్మి. మనం పోయి వాళ్ల చేతుల జమ్మి వెట్టి కాళ్లు మొక్కుతం, మంచిదే. వాళ్ల చేతికి సుత ఒక రెమ్మ ఇయ్యుర్రి, మనకు వెట్టనీయుర్రి. ఇచ్చే చెయ్యి మీదుంటది.

మొగోళ్లను అందరు మర్సిపోతరు. పాట, పువ్వు, ముగ్గు అన్నీ ఆడోళ్లకే దొరుకుతయి. తాతలు గోడకు ఆనుకోని సూస్తుంటరు. పచ్చీసు పట, గవ్వలు పట్టుకపోయి ఒక మూలకు పర్సి సూడుర్రి. చిరుతల రామాయణం ఆడినోళ్లు, భజనల తాళం ఏసినోళ్లు, డప్పు కొట్టినోళ్లు గా హాల్లనే ఉండొచ్చు. అడిగినోడు లేక చెప్పలే.

ఇగ పానం సంగతి. ఇది తెల్వక జేసే తప్పులే ఎక్కువ. షుగర్ గోలీ ఏసుకున్నోళ్లు, సూది తీసుకున్నోళ్లు టైముకు తినకపోతే షుగర్ పడిపోయి చెమటలు వట్టి కింద పడ్తరు. గెస్టు రాలేదని, స్పీచ్ అయిపోలేదని పగటి బువ్వను రెండు గంటలు ఆపుడు పెద్ద తప్పు. పక్షవాతం వచ్చినోళ్లకు కొందరికి మింగుడు సరిగ్గ పడది. పొడి కేకు, లడ్డు, బూందీ గొంతుల అడ్డం వడొచ్చు, గాలిగొట్టంల పోవచ్చు. అందుకే ఎవ్వలకు ఏం పెట్టొచ్చో సూసుకునే ఆయమ్మనో, నర్సునో అడిగినంకనే పెట్టాలె. మలీద ముద్ద తీయగ ఉంటది, చిటికెడు చాలు. పెరుగు సద్ది మెత్తగ కలిపితే చానామందికి నడుస్తది. పొద్దుగూకే యాళ్లకు మతిమరుపు ఉన్నోళ్లు ఆగమైతరు, జాగ మర్సిపోయి భయపడ్తరు. అందుకే ఊళ్ల లెక్క రాత్రి గాకుండ, నాలుగింటికే మొదలువెట్టి ఎలుతురు ఉండంగనే ముగియ్యాలె. పటాకులు, బెలూన్లు పలగ్గొట్టుడు వద్దు.

ఫొటో సంగతి. అడగకుండ తియ్యొద్దు. కొందరు ఊళ్ల చెప్పకుండ వచ్చినోళ్లుంటరు. 'కొడుకు హైదరాబాద్‌ల తీస్కపోయిండు' అని పాలోళ్లు అనుకుంటుంటరు. మీ రీల్ల ఆమె మొఖం కనవడితే ఆ పరువు గూడ పాయె.

ఇదంత దయ కిందికి రాదు. 2007ల వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ల, ప్రతి జిల్లాకు తక్కువల తక్కువ ఒక ఆశ్రమం, 150 మంది దిక్కులేని పెద్దలకు జాగ అని రాసి ఉన్నది. అదే సెక్షన్ల ఆశ్రమాల నిర్వహణ గురించి చెప్పేటప్పుడు, వైద్యంతో పాటు వినోదం గూడ అందియ్యాల్సిన సేవల కిందనే రాసిన్రు. అంటే పాట, ఆట గూడ గోలీ లెక్కనే. మీ దగ్గర్ల ఉన్న ఆశ్రమంల పెద్దలను మంచిగ సూస్తలేరని అనిపిస్తే 14567కు ఫోన్ కొట్టొచ్చు, పైసలు పడయి.

ఐక్యరాజ్యసమితి అక్టోబర్ 1ని వృద్ధుల దినమని 1990ల పెట్టింది. ఆ దినం, పండుగ దినం ఆశ్రమాలకు మంది లైన్ కడ్తరు. ఒక్కోపారి ఒక్క పూటకు మూడు టీములు వచ్చి, మూడు సార్లు కేకు కోపిచ్చి పోతరు. తెల్లారి ఎవ్వలుండరు. నిజానికి పండుగ దినమే వాళ్లకు బరువు. పొద్దుగాల్నుంచి గేటు దిక్కు సూస్తరు, ఫోన్ మోగుతదేమో అని చెంగుల కట్టుకోని తిరుగుతరు. మాపటికి రాడని తెలుస్తది. అసలు మనిషి అవుసరం తెల్లారి నుంచి మొదలైతది. మీ టీముల పది మంది ఉంటే అందరు ఒక్కనాడే పోకుర్రి. నెలకు ఇద్దరు పోవుర్రి. ఏ తారీకు వస్తరో చెప్పుర్రి, చెప్పిన తారీకు తప్పకుర్రి. వాళ్లు ఆ తారీకు లెక్కవెట్టుకుంటరు.

ఈసారి సద్దుల బతుకమ్మకు పోయేటోళ్లు వారం ముందుగాల ఫోన్ జేసి మూడు ముచ్చట్లు అడుగుర్రి: ఎంతమంది ఉన్నరు, బువ్వ టైమెప్పుడు, పువ్వులు పేర్చుడు వచ్చినోళ్లు ఎందరు. చెరువుకాడికి పోలేనోళ్ల కోసం పెద్ద గంగాళంల నీళ్లు నింపి వాకిట్ల వెడ్తే, సాగనంపుడు గూడ వాళ్ల చేతులతోనే అయితది. గంగాళం బరువుంటది, ఇద్దరు మొగపిలగాళ్లు కావాలె.