సండూరు కొండల్లో జీపు, వెనక సీట్లో మనవడు

బళ్ళారికి పడమరగా సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే సండూరు. ఇనుపరాయి కొండలు, ఎర్రమట్టి బాటలు. వానలు పడ్డాక ఆ లోయల పచ్చదనం చూసి తీరాలి. మా అబ్బాయి జీపుకు పెద్ద టైర్లు, పైన ఇనుప చట్రం వేయించి, నాలుగేళ్ళ కొడుకుతో అటు బయలుదేరతానన్నాడు.

సరదాకు నేను అడ్డు కాదు. కానీ పసివాడి తల ఒంటికి మించిన బరువు, మెడ లేత. మనం నవ్వుకునే కుదుపు వాడికి దెబ్బ. ఒళ్ళో పట్టుకుంటానంటుంది కోడలు. హఠాత్తుగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ ఆపలేవు. పాత జీపుల్లో పక్కవాటు బల్లసీట్లకు పిల్లల సీటు కుదరదు. ముందుకు చూసే సీటు, గట్టి బెల్టు ఉండాలి. తల తగిలేచోట చట్రానికి మెత్త చుట్టాలి. రాళ్ళ మీద చిన్న గేరులో, మనిషి నడక వేగం చాలు. మెత్తని మట్టిలో టైర్ల గాలి తగ్గించినవారు తారురోడ్డెక్కేముందు మళ్ళీ నింపుకోవాలి.

బ్యాంకు బుద్ధి కదా, కాగితాలూ అడిగాను! కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా. మార్పులు దాచిపెడితే బీమా సొమ్ముకూ పేచీ రావచ్చు.

అబ్బాయి చట్రం విప్పించి, పిల్లల సీటు కొన్నాడు. ప్రయాణం దసరా సెలవులకు వాయిదా పడింది.