చెట్టుకూ కావాలి... హస్తవాసి!

ఇంటి ముందు వేప పెరిగి కరెంటు తీగలకు తగిలినా, గాలివానకు తురాయి కొమ్మ విరిగి గేటు మీద వాలినా మనం వెతికేది ఒక్కరినే... చెట్లు కొట్టే మేస్త్రీని. ఎవరి దగ్గరా ఉద్యోగం లేకుండా తాడు, కత్తి, రంపాలనే నమ్ముకుని బతికే ఆ పనివాడి చేతిలోనే మన వీధుల్లోని నీడంతా ఉంది. ఆ పనిలోని కష్టాన్నీ నేర్పునీ గుర్తిస్తే అటు చెట్టూ, ఇటు మనిషీ చల్లగా ఉంటారు.

ఎండలు మండిపోయే మే నెలలో ఓ సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్ముతుంది. ఈదురుగాలి లేస్తుంది. అరగంటలో అంతా సద్దుమణుగుతుంది కానీ, ఆ కాస్త సేపట్లోనే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చెట్లు కూలిన వార్తలు మొదలవుతాయి. ఇక వారం రోజులపాటు మేస్త్రీ ఫోను మోగుతూనే ఉంటుంది. కారు మీద పడిన కొమ్మ తీయాలని ఒకరు, పక్కింటి వైపు ఒరిగిన చెట్టును దించాలని ఒకరు, మన చెట్టు కూడా పడకముందే కొట్టించేద్దామని మరొకరు. పెద్ద తుపానులొస్తే చెప్పనే అక్కర్లేదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమ కొబ్బరితోటలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి విశాఖ చెట్లు నేలమట్టమైనప్పుడు దారులు తెరిచి ఊళ్లను మళ్లీ నడిపించినవారిలో రంపం పట్టిన చేతులు ముందున్నాయి.

బ్రిటన్, అమెరికాల్లో చెట్ల సంరక్షణ చూసే ట్రీ సర్జన్‌ది శిక్షణ, సర్టిఫికెట్, బీమా ఉన్న వృత్తి. మన దగ్గర అదే పనిచేసే మనిషికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఉండటం అరుదు. చాలామందికి తండ్రి వెంటో, మేనమామ వెంటో వెళ్లి కింద తాడు పట్టడంతో చదువు మొదలవుతుంది. కొన్నేళ్లకు పైకెక్కుతారు. కాస్త డబ్బు కూడితే పెట్రోలు రంపం కొనుక్కుని సొంతంగా పని పట్టుకుంటారు.

గుత్త బేరం... కలప లెక్క

ఈ పనికి నెల జీతం లేదు. బేరమంతా గుత్తకే. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, తలెత్తి చూసి, ఎత్తెంత, ఎన్ని కొమ్మలు దించాలి, కింద రేకుల షెడ్డుందా, పక్కన తీగలున్నాయా, ట్రాలీ లోపలిదాకా వస్తుందా... అన్నీ అక్కడికక్కడే లెక్కేసి ఒక మాట చెప్పాలి. పైకెక్కే మనిషికీ, కింద తాడు పట్టేవారికీ కూలి, పెట్రోలు ఖర్చు, ట్రాలీ కిరాయి అందులోంచే పోవాలి. అంచనా తప్పితే ఎదురు పెట్టుకోవాల్సిందే. వానలకు ముందూ, తుపానుల కాలంలోనూ చేతినిండా పని. మిగతా రోజుల్లో దొరికితే దొరికినట్టు.

బేరం దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘కలప నువ్వే పట్టుకుపో, కూలి తగ్గించుకో’ అంటారు ఇంటివాళ్లు. చెట్టు బతుకు తేలిపోయేది ఆ మాట దగ్గరే. లావు దుంగ అమ్ముడుపోతుంది. ఆకూ రెమ్మా ఎవరూ కొనరు, పైగా వాటిని తరలించడానికి ఎదురు ఖర్చు. కాబట్టి అవసరమైన నాలుగు కొమ్మలే తీసి చెట్టును నిలబెడితే పనివాడికి మిగిలేది కొంచెం. మొదలంటా కొడితే నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయి. కూలిని కలపతో ముడిపెట్టిన ఈ పద్ధతి వల్ల ఇంకో యాభై ఏళ్లు బతకాల్సిన చెట్లు కూలిపోతున్నాయి. ఇందులో పనివాణ్ని తప్పుపట్టలేం. అతని నేర్పుకి విలువ ఇవ్వకుండా దుంగకి వెల కట్టింది మనమే.

ఒక కొమ్మ... మూడు గాట్లు

లావు కొమ్మను పద్ధతిగా దించడం చూస్తే ఇందులో ఎంత విద్య ఉందో తెలుస్తుంది. పైకెక్కిన మనిషి ముందు తన నడుముకి తాడు కట్టుకుని కాండానికి బిగించుకుంటాడు. కోయబోయే కొమ్మకి మరో తాడు కట్టి, దాన్ని పైనున్న గట్టి పంగలోంచి కిందికి వదులుతాడు. కింద ఉన్నవాడు ఆ తాడును చెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పి పట్టుకుంటాడు. కొమ్మ తెగినా ఒక్కసారిగా పడకుండా, అతను వదిలినకొద్దీ మెల్లగా దిగాలి.

ఇక కోత. మొదటి గాటు కొమ్మ అడుగు భాగాన, కాండానికి అడుగు దూరంలో పెట్టాలి. మందంలో మూడో వంతు దాకా కోసి ఆపేయాలి. రెండో గాటు పైనుంచి, మొదటిదానికి కాస్త అవతల. కొమ్మ తన బరువుకి ఫెళ్లున విరిగినా బెరడు చీలిక అడుగు గాటు దగ్గర ఆగిపోతుంది. ఆ గాటు లేకపోతే బెరడు కాండం పొడవునా లేచిపోతుంది. మూడో గాటుతో మిగిలిన మొండిని తీసేయాలి. అది ఎక్కడ పెట్టాలన్నదే అసలైన పనితనం. కొమ్మ కాండంలో కలిసేచోట చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. దానికి తగలకుండా, దాని అంచునే కోయాలి. గాయాన్ని కప్పే కొత్త బెరడు అక్కడినుంచే పుడుతుంది. నున్నగా కనిపించాలని కాండానికి సమంగా చెక్కేస్తే గాయం పెద్దదై మూసుకోదు. మొండి వదిలేస్తే అది ఎండి, కుళ్లు లోపలికి పాకుతుంది.

ఈ సంగతిని లోకానికి సాక్ష్యాలతో చూపించినవాడు అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన శాస్త్రవేత్త అలెక్స్ షైగో. ఆయన వేలాది కాండాలను నిలువునా కోసి పరిశీలించారు. దెబ్బతిన్న కలపను చెట్టు తిరిగి బాగుచేసుకోదనీ, దాని చుట్టూ గోడలు కట్టి కుళ్లును అక్కడే బంధించి, పైన కొత్త కలపను పెంచుకుంటుందనీ 1970ల్లో వివరించారు. కోసిన చోట తారో రంగో పూస్తే కుళ్లు ఆగుతుందన్న నమ్మకం ఆయన పరిశోధనలతో వీగిపోయింది. అలాగే, 1901లో ‘ద ట్రీ డాక్టర్’ పుస్తకంతో ఈ వృత్తికి బాట వేసిన జాన్ డేవీ తరంలో తొర్రలను సిమెంటుతో నింపడం గొప్ప వైద్యం. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండింటి మధ్యా ఒరిపిడి పెరిగి, తేమ చేరి, కుళ్లు ఎక్కువవుతోందని తెలిశాక నిపుణులు దాన్ని వదిలేశారు. మన ఊళ్లలో రావి, వేప తొర్రల్లో మాత్రం ఇప్పటికీ సిమెంటు కూరుతూనే ఉన్నారు.

చెట్టెక్కినవాడి మాట

రోజూ కొమ్మల మీద గడిపేవారికి చెట్ల మీద గట్టి అభిప్రాయాలుంటాయి. అనుభవమున్న మేస్త్రీ మునగ కొమ్మను నమ్మి కాలు పెట్టడు, చింత కొమ్మ మీద ధైర్యంగా నిలబడతాడు. మామిడి ఎక్కేముందు ఆకులు కలిపి కట్టిన ఎర్రచీమల గూళ్లున్నాయేమో చూస్తాడు. పచ్చగా నిటారుగా ఉన్నా సరే, మొదట్లో పుట్టగొడుగులు కనిపిస్తే గొడ్డలి వెనకవైపుతో తట్టి చప్పుడు వింటాడు. లోపల డొల్లయితే ఆ మోతే చెబుతుంది.

చెట్టు కూలితే మనం గాలిని తిట్టుకుంటాం. తెలిసిన పనివాడు ముందు వేళ్లు చూస్తాడు. నీళ్లూ పోషకాలూ అందించే వేళ్లలో ఎక్కువ భాగం రెండడుగుల లోతులోపే ఉండి, కొమ్మల నీడను దాటి పాకుతాయి. డ్రైనేజీ కోసమో కేబుల్ కోసమో ఒకవైపు కందకం తవ్వితే ఆ వైపు ఊతమంతా తెగిపోతుంది. మిగిలిన నేలను కాండందాకా సిమెంటుతో కప్పేస్తే నీరూ గాలీ అందవు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు దూరం వరకూ కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ మీటరు మట్టిని మన ఇంటి ముందు చెట్టుకి వదలడానికి ఏ ఆదేశమూ అక్కర్లేదు.

పనివాడికి ఇంకో ఫిర్యాదు, చెట్టు తల కొట్టేయించడం గురించి. ఎత్తు పెరిగిందని పైభాగమంతా నరికితే చెట్టు గుబురుగా చిగురిస్తుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. కానీ ఆ కొత్త కొమ్మలకు కాండంలో పట్టుండదు, పైపొరకే అతుక్కుని ఉంటాయి. నాలుగేళ్లకు బరువెక్కి మామూలు గాలికే విరుగుతాయి. భయంతో కొట్టించినందుకు అసలైన ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. ఒక ఏడాదిలో పావు వంతుకి మించి ఆకు తీయకూడదన్నది నిపుణుల కొలత. కరెంటు తీగల కింద నాటినవాటిదీ ఇదే కథ. ఏటా ఒకవైపే నరుకుతూ పోతే బరువంతా రెండోవైపు పడి చెట్టు ఒరుగుతుంది. తీగల కింద పారిజాతమో నందివర్ధనమో కరివేపో నాటుకుంటే ఆ తంటా ఉండదు.

తొందరపాటు గురించీ చెప్పుకోవాలి. 2021లో తెలంగాణలో వేపచెట్లు చివర్ల నుంచి గోధుమరంగుకి తిరిగి ఎండిపోతుంటే జనం కంగారుపడ్డారు. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. అలా మోడైనట్టు కనిపించిన వేపలెన్నో తర్వాత మళ్లీ చిగురించాయి. ఎండినట్టున్న చెట్టుకి రంపం పెట్టేముందు బెరడును గోటితో గీరి చూడాలి. లోపల పచ్చదనం ఉంటే దానికి ప్రాణమున్నట్టే.

మనకు కొత్త కాదు

చెట్టుకి వైద్యం పరాయి విద్యేమీ కాదు. సురపాలుడి ‘వృక్షాయుర్వేదం’ చెట్ల రోగాలనూ, గాయాలకు పూతలనూ, పొగలనూ వివరించిన సంస్కృత గ్రంథం. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న దాని రాతప్రతిని సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో నళిని సాధలే అనువాదంతో వెలుగులోకి తెచ్చింది. పుస్తకం చదవకుండానే ఆ విద్యను చేతుల్లో దాచుకున్నవారు కోనసీమ దింపు కార్మికులు. కాయలు దించేందుకు ఎక్కినప్పుడే మొవ్వు శుభ్రం చేస్తారు. కొమ్ము పురుగు తొలిచిన రంధ్రం కనిపిస్తే ఇనుప చువ్వ పెట్టి పురుగును బయటికి లాగుతారు. కింద నిలబడి చూసే రైతుకి తెలియకముందే చెట్టు రోగం వాళ్లకు తెలుస్తుంది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ అందరికీ తెలిసిందే. సుమారు 700 ఏళ్ల వయసు, మూడెకరాల విస్తీర్ణం. చెదలు తొలిచేయడంతో 2017 డిసెంబరులో ఓ పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను ఆపేసి, 2018లో క్లోరోపైరిఫాస్ మందును సెలైన్ సీసాల్లో పోసి చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు. వాలిన కొమ్మలకు స్తంభాలు కట్టారు, ఊడలు నేలకు దిగేలా గొట్టాలు అమర్చారు. మర్రి మళ్లీ చిగురించింది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో కనిపించిన నూట యాభై ఏళ్ల నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోతే, చికిత్స చేసిన మొదలు కొద్ది వారాలకే చిగుళ్లు వేసింది.

ఇంత శ్రమ ఎందుకంటే హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సమాధానం చెబుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ముంచెత్తినప్పుడు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఎప్పుడో ఎవరో నరకకుండా వదిలిన చెట్టు అది.

ఆ మనిషికో భరోసా

కొబ్బరి చెట్లెక్కే యువకుల కోసం కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కేరళలో ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ శిక్షణ ప్రారంభించింది. ఎక్కే యంత్రం, పురుగుల గుర్తింపు, ప్రమాద బీమా అన్నీ అందులో భాగం. తాటిచెట్టు మీంచి జారిపడే గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షా కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కాలనీల్లో చెట్లు కొట్టే స్వయం ఉపాధి పనివారికి మాత్రం ఇలాంటిది ఏదీ కనిపించదు. వాళ్లకు తాడు జారినా ముప్పే, కొమ్మ ఎదురుతన్నినా ముప్పే. తడిసిన కొమ్మ తీగను తాకిందంటే క్షణం పట్టదు.

ఇది మారాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఉద్యాన విశ్వవిద్యాలయాలు, మున్సిపాలిటీలు కలిసి కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డులిచ్చి, పట్టణంలో ఎవరికి పనొచ్చో జనానికి తెలిసేలా జాబితా పెట్టాలి. హెల్మెట్, బెల్టు, కళ్లద్దాలు అందించాలి. ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనలో బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారెవరైనా ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయల బీమా వస్తుంది. పనికి పిలిచే ఇంటివాళ్లు ఆ ఒక్క మాట చెప్పినా ఒక కుటుంబానికి మేలు చేసినవాళ్లవుతారు.

పిలిచే ముందు...

* చెట్టు మొత్తం తీయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. కొన్ని రకాలకే మినహాయింపు ఉంది.

* తీగల దగ్గరి కొమ్మలైతే విద్యుత్తు సిబ్బందికి చెప్పి ఎల్‌సీ (సరఫరా ఆపినట్టు లైన్ క్లియర్) తీసుకున్నాకే రంపం పెట్టనివ్వండి.

* కొమ్మల్లో గూళ్లున్నాయేమో చూడమనండి. గుడ్లూ పిల్లలూ ఉంటే కొద్దివారాలు ఆగండి.

* పైకెక్కే మనిషికి నడుము తాడు లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి. వానలోనూ గాలిలోనూ ఎక్కమని ఒత్తిడి చేయొద్దు.

* కూలి వేరు, కలప వేరు. పనికి తగ్గ డబ్బు పూర్తిగా ఇవ్వండి. కలప సంగతి తర్వాత మాట్లాడుకోండి.

తొలకరి రాకముందే మీ ఇంటి చెట్టును ఓసారి చూపించుకోండి. మేస్త్రీ రాగానే ఏ కొమ్మ తీస్తే చెట్టు నిలబడుతుందో అడగండి. అతను చెప్పేది చివరిదాకా వినండి. బేరం ఆ తర్వాతే మొదలుపెట్టండి.